నక్కలగుట్ట మీది వెలుగు

షాద్‌నగర్ అవతల ఒక కంపెనీ గేటు దగ్గర గాలయ్య చాలా ఏళ్లు వాచ్‌మన్‌గా పనిచేశాడు. వచ్చిన ప్రతి మనిషినీ ఆపి ఎక్కడి నుంచి, ఎవరి కోసం, సంచిలో ఏముంది అని అడగడమే పని. మోకాళ్లు అరిగాక ఆ కొలువు మానేసి, కట్టంగూర్ దగ్గర సొంతూరు రేగులగడ్డకు తిరిగొచ్చి గొర్లు కొనుక్కున్నాడు. అడిగే అలవాటు మాత్రం పోలేదు. గొర్రెను కొనడానికి వచ్చినవాడినీ అడిగేవాడు, పెళ్లికార్డు ఇవ్వడానికి వచ్చినవాళ్లనూ అడిగేవాడు.

అది ఊరికే అబ్బిన గుణం కాదు. షాద్‌నగర్‌లో అతని కంపెనీ పక్కనున్న బీడుభూమిలో ఒకప్పుడు గొర్లు మేసేవి. ముందు ఎవరో ఇద్దరు వచ్చి మూడుకాళ్ల స్టాండు మీద మిషన్ పెట్టి చూసి పోయారు. తర్వాత పైన డ్రోన్ తిరిగింది. ఆ తర్వాత రాళ్లు పాతి ముళ్లతీగ చుట్టారు. గొర్లకాపరులు వచ్చి మొత్తుకుంటే వాళ్లను గేటు దాటనివ్వకుండా ఆపింది గాలయ్యే.

అందుకే ఆ జనవరిలో, పొద్దుగూకాక గొర్లను దొడ్లోకి తోలుతూ పడమటి దిక్కున నక్కలగుట్ట పైన ఆ వెలుగును చూసినప్పుడు అతనికి షాద్‌నగర్ డ్రోనే గుర్తొచ్చింది. తెల్లగా, నిలకడగా, టార్చిలైటులా ఉంది. చుట్టూ ఇంకా ఒక్క చుక్క కూడా పొడవలేదు. గొర్లకు నీళ్లు పెట్టి, అన్నం తిని వచ్చి చూస్తే గుట్ట వైపు దిగుతోంది. ఇంకాసేపటికి గుట్ట వెనక్కి పోయింది. మర్నాడూ అదే వేళకు వచ్చింది, అక్కడే దిగింది. ఊళ్లోని గొర్లన్నిటికీ మేత ఆ గుట్టే.

"సుక్క గావచ్చు గదనే," అన్నాడు చాయ్ హోటల్ పరశురాములు.

"సుక్కయితే మిణుకు మిణుకుమనాలె. గిది మిణుకుతాందా? గంత పెద్ద సుక్క ఎన్నడన్న సూసినవా? అది డ్రోనే. గుట్టను కొలుస్తున్నరు."

డ్రోన్ అనగానే ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది ఒక్కడే. గాలయ్య భార్య ఈదమ్మకు సొంత తమ్ముడు వెంకన్న. నల్గొండలో శిక్షణ తీసుకుని, వరిచేలకు మందు కొట్టే డ్రోన్ ఒకటి తెచ్చి కిరాయికి నడుపుతున్నాడు. ఈమధ్యే అతని ఇంటి ముందు తెల్ల కారు ఒకటి ఆగి ఉండటం గాలయ్య చూశాడు. ఎవరు వచ్చారని అడిగితే "బ్యాటరీ కంపెనీ సార్లు బావా" అన్నాడు వెంకన్న. అప్పుడు నమ్మిన మాటే, ఇప్పుడు తలచుకుంటే అనుమానంగా తోచింది.

ఒకరోజు హోటల్ దగ్గర నలుగురి ముందే అనేశాడు. "తెల్లకారోళ్లకు గుట్టను సూపెడుతున్నవా వెంకన్నా?"

వెంకన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. వెళ్లి డ్రోన్ పెట్టెను బండి మీద తెచ్చి బావ వాకిట్లో దించాడు. "నీ ఇంట్లనే పెట్టుకో. తాళమేస్కో. సాయంత్రం ఆ లైటు ఒస్తదో రాదో నువ్వే సూడు."

సాయంత్రం అది వచ్చింది. ఎప్పటిలాగే, ఎప్పటి చోటే.

"ఇగనన్న నమ్ముతవా?" అంది ఈదమ్మ.

"వానికాడ ఇంకోటి ఉండదని ఏం నమ్మకం? గా కంపెనోళ్లకు డ్రోన్లు లేవా?" అన్నాడు గాలయ్య.

ఆ రాత్రి ఈదమ్మ భర్తకు అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు. తమ్ముడు ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. హోటల్‌లో పుట్టిన మాట చేలకు పాకింది. యాసంగి వరికి తెగులు పడినా ఒక్కరూ వెంకన్నను పిలవలేదు. పక్కూరి నుంచి మనుషులను తెచ్చుకుని, వీపున ట్యాంకులు మోయించి మందు కొట్టించుకున్నారు. గాలయ్య ప్రతి సాయంత్రం ఆ వెలుగును చూస్తూనే ఉన్నాడు. ఫిబ్రవరి గడిచేకొద్దీ అది ఇంకా కిందుగా కనబడసాగింది. దగ్గరికి వచ్చి కొలుస్తున్నారనుకున్నాడు.

శివరాత్రి వెళ్లిన వారంలో ఒక సాయంత్రం గుట్ట మీద రెండు ఆకారాలు కనబడ్డాయి. ఒకటి వెంకన్నదని నడకను బట్టి తెలిసింది. రెండోది ఎవరో ఆడమనిషి. ఇద్దరూ కలిసి చదునైన బండ మీద మూడుకాళ్ల స్టాండు నిలబెడుతున్నారు. దాని మీద ఒక గొట్టం బిగిస్తున్నారు.

గాలయ్య ఇక ఆగలేదు. గొర్లను ఈదమ్మకు అప్పజెప్పి, పరశురాములును కేకేసి, కర్ర పట్టుకుని గుట్టెక్కాడు. మోకాళ్ల నొప్పి కూడా గుర్తు రాలేదు.

"ఎవలమ్మా నువ్వు? ఎక్కడికెళ్లి వచ్చినవు? ఎవలు పంపిండ్రు?"

ఆమె బెదరలేదు గానీ కర్రను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "నా పేరు స్నేహలత. కట్టంగూర్ బళ్లో సైన్స్ చెప్త. మాది నల్గొండ. మా బళ్లో వంట చేసే రమ, ఈయన భార్య, నాకాడ ఏడ్చింది. మా ఇంటాయనను ఊరంతా దొంగను సూసినట్టు సూస్తాంది మేడం అన్నది. అందుకే వచ్చిన."

"గీ మిషన్ ఏంది? సర్వేదేనా?"

"టెలిస్కోపు. దూరంగున్నవి దగ్గరగ కనబడతయి. ఆ వెలుగు మీదికే తిప్పిన. రండి, మీరే చూడండి."

గాలయ్య కదల్లేదు. పరశురాములు మాత్రం ముందుకు పోయి, ఒక కన్ను మూసి చూసి, "అబ్బ!" అన్నాడు. "నెలవంక ఉన్నదే లోపట!"

"నెలవంకనా?" గాలయ్య చప్పున ఆకాశమంతా కలియజూశాడు. చంద్రుడు వేరే దిక్కున, వేరే చోట ఉన్నాడు. ఇక ఆగలేక తనూ కన్ను పెట్టాడు. గొట్టంలో చిన్న తెల్లటి కొడవలి వణుకుతూ కనబడింది. "బొమ్మ అతికిచ్చినవు లోపట," అన్నాడు.

"గొట్టం ముందు చెయ్యి అడ్డం పెట్టి చూడండి."

పెట్టాడు. కొడవలి మాయమైంది. తీశాడు, వచ్చింది. చూస్తుండగానే అది మెల్లగా పక్కకు జరిగి గొట్టంలోంచి జారిపోయింది. "ఇగో! పోతాంది! ఎగురుతాంది అది!"

"అది గాదు, మనం పోతున్నం," అంది స్నేహలత. "భూమి తిరుగుతాంది గద. గొట్టం భూమి మీద ఉన్నది." ఆమె గొట్టాన్ని సర్ది మళ్లీ కొడవలిని పట్టుకుంది. "అది శుక్రుడు. మన భూమి అంతనే ఉంటది, ఎక్కువ తక్కువ. సూర్యుని ఎండ ఒక పక్కకే పడుతది. మనకు ఆ పక్క కొంచెమే కనబడ్తాంది, అందుకే చంద్రుని లెక్క వంక."

"గంత మెరుపెందుకు?"

"దాని సుట్టూ మందమైన మబ్బులున్నయి. ఎండను వెనక్కి కొడతయి. ఆ మబ్బులు నీళ్లవి గావు, యాసిడ్‌వి. కింద పొయ్యి కంటె ఎక్కువ వేడి, సీసం కరుగుతది. సూర్యునికి దగ్గరున్న బుధుని మీద గూడ అంత వేడి లేదు. ఎందుకంటె శుక్రుని గాలి దుప్పటి కప్పినట్టు వేడిని పోనియ్యదు."

"ఆడ పొద్దు ఎటు పొడుస్తది?" అన్నాడు గాలయ్య. ఏదో ఒక మాటలో ఆమె దొరికిపోతుందని అతని ఆశ.

"పడమర."

"ఇన్నవా పరశురాములూ? పడమర పొద్దు పొడుస్తదంట! నన్ను ఎర్రోన్ని చేస్తాంది."

"అది మనకు ఉల్టా తిరుగుతది. అదీ శానా మెల్లగ." ఆమెకు కొంచెం కోపం వచ్చినట్టుంది. గుట్ట అవతల, ఆకాశం ఇంకా ఎర్రగా ఉన్నచోట వేలు చూపించింది. నేలకు దగ్గరగా చిన్న చుక్క. "అది బుధుడు. గ్రహాలన్నిట్ల చిన్నది. గాలి లేదు, పగలు కాలిపోతది, రాత్రి గడ్డకడుతది. ఇటు పైకి చూడండి, ఎర్రగున్నదే, అది కుజుడు. అక్కడి మట్టిల ఇనుము తుప్పు పట్టింది, అందుకే ఎరుపు. సూర్యునికి దగ్గరగ రాళ్లతోటి అయిన గ్రహాలు నాలుగే. వీటి అవతల గురుడు, శని అంతా గాలిముద్దలు, కాలు పెట్టనీకి జాగా ఉండదు."

"మూడే చెప్పినవు. నాలుగోది ఏది?"

స్నేహలత కాలితో బండను తట్టింది. "మీరు నిలబడ్డదే."

పరశురాములు నవ్వాడు. గాలయ్య నవ్వలేదు. అంతసేపూ దూరంగా నిలబడ్డ వెంకన్న వైపు ఒకసారి చూసి, ఆమెను అడిగాడు. "గిది ఎప్పటిదాక ఉంటది గిట్ల?"

"ఇంక రెండు మూడు వారాలల్ల పడమర కనబడది. తర్వాత ఏప్రిల్‌ల పొద్దు పొడవకముందు తూర్పున కనబడతది. వేగుచుక్క అంటరు గద, అదీ ఇదీ ఒక్కటే."

"సూద్దాం," అని గాలయ్య దిగిపోయాడు.

ఆ రోజు నుంచి అతనిలో ఏదో కొద్దికొద్దిగా సడలింది. ఆమె చెప్పినట్టే వెలుగు కిందికి, ఇంకా కిందికి పోయి, ఉగాది వచ్చేసరికి పడమట అసలు లేకుండా పోయింది. ఆమె మాట నిజమైందని అతనికి అనిపించింది. కానీ ఊరు అలా అనుకోలేదు.

"సర్వే అయిపోయింది, పోయిండ్రు," అన్నారు హోటల్ దగ్గర. "గాలన్న ముందే చెప్పిండు గద."

"కాదుర, అది శుక్రుడు," అన్నాడు గాలయ్య.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూలన కూర్చున్న గుర్వయ్య బీడీ నోట్లోంచి తీసి, "ఏం గాలన్నా, మీ బామ్మర్ది నీకు గూడ ఏమన్న ఇచ్చిండా?" అన్నాడు.

గాలయ్య సగం తాగిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. లేచి ఇంటికి నడిచాడు. దారిలో ఇద్దరు ఎదురై, పలకరించకుండా పక్కకు తప్పుకున్నారు. వెంకన్న రెండు నెలలుగా ఈ చూపుల మధ్యే తిరుగుతున్నాడని అప్పుడు తెలిసొచ్చింది. ఇంటికొచ్చి ఈదమ్మతో చెబితే ఆమె గొర్రెపిల్లకు పాలు తాగిస్తూ తల ఎత్తకుండానే అంది. "నువ్వేసిన మంటనే గద. నీ కాలు కాల్తే ఇప్పుడు సుర్రుమన్నదా?"

ఏప్రిల్‌లో రోజూ తెల్లవారకముందే లేచి దొడ్డి గోడ ఎక్కి చూడసాగాడు. కొన్ని రోజులు మబ్బు, కొన్ని రోజులు పొగమంచులాంటి దుమ్ము. ఒక తెల్లవారుజామున తూర్పున చెట్ల పైన అది ఉంది. అదే తెలుపు, అదే నిలకడ. గోడ దిగి నేరుగా వెంకన్న ఇంటికి పోయి తలుపు కొట్టాడు.

వెంకన్న సగమే తలుపు తీశాడు. "ఏం బావా? ఇంత పొద్దున్నే ఎందుకొచ్చినవు? ఎంబడి ఎవలున్నరు?"

"ఎవలు లేరు. ఒకసారి బయటికి రా."

"ఎందుకు?"

"రా, సూపెడ్త."

వెంకన్న అటూ ఇటూ చూసి గానీ గడప దాటలేదు. గాలయ్య తూర్పుకు చెయ్యి చాపాడు. "టీచరమ్మ చెప్పింది అదే. నేను తప్పు మాట అన్న వెంకన్నా. నిన్ను అనుమానించిన. హోటల్ కాడ అన్న మాటను హోటల్ కాడనే తీసేస్త. నడు."

"వాళ్లు నమ్ముతరా?"

"నమ్మకపోతె నన్నంటరు. అననీ."

పరశురాములు అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాడు. నాట్ల నుంచి కోతల దాకా మాటలు మోసుకొచ్చిన ఆ మనుషులే చాయ్ కోసం చేరారు. వాళ్లందరినీ రోడ్డు మీదికి పిలిచి గాలయ్య చెప్పాడు. మొదట సర్వే అన్నది తానేనని, ఆ మాట తప్పని, పడమట చూసిందీ ఇప్పుడు తూర్పున ఉన్నదీ ఒక్కటేనని, అది బండరాళ్ల గ్రహమని, అక్కడ యాసిడ్ మబ్బులని. కొన్ని తప్పుగా చెప్పాడు, కొన్ని మరిచిపోయాడు. గుర్వయ్య చాలాసేపు తూర్పుకేసి చూసి, "రేపు గూడ సూస్త," అన్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే హోటల్ బల్లల దగ్గరికి తిరిగొచ్చారు. కానీ పరశురాములు గ్లాసు నింపి మొదట వెంకన్నకే ఇచ్చాడు.

బావాబామ్మర్దులు కలిసే తిరిగి వచ్చారు. తన ఇంటి మలుపు దగ్గర వెంకన్న ఆగాడు. లోపలి నుంచి రమ తొంగిచూస్తోంది.

"ఆయితారం అక్కను పంపు బావా," అన్నాడు వెంకన్న. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "నువ్వు ఇంకొన్ని దినాలాగి రా," అన్నాడు.

గాలయ్య సరేనని తలూపి, మేతకు గొర్లను విప్పడానికి వెళ్లిపోయాడు.