లంగరుకు చిక్కిన కొమ్మ

లంగరు మళ్లీ జారింది. పడవ విసురుగా ఒక పక్కకు ఒరిగింది.

"పట్టు చిక్కట్నేదే గుంటా!" ఇంజను దగ్గర నుంచి నూకన్న అరిచాడు.

సుమ కళ్ల మీది వాననీళ్లు తుడుచుకుంది. సుమ పగడాల సర్వే ముగించుకుని ఇద్దరూ వండూర్ జెట్టీకి తిరిగొస్తుండగా వాన కమ్మేసింది. పడవ అంచు దాటి ఏమీ కనిపించడం లేదు. జీపీఎస్ తడిసి చచ్చింది. పగడపు దిబ్బ ఇక్కడే ఎక్కడో ఉంది. తామున్నది దానికి లోపల ఒడ్డు వైపా, బయట నడిసముద్రం వైపా? లోపలైతే గాలి వాటున పోతే చాలు, జెట్టీ వస్తుంది. బయటైతే అదే గాలి తీసుకెళ్లి దిబ్బకేసి కొడుతుంది. ఎదురెళ్లి లోతు నీళ్లలోకి తప్పుకోవాలి. పొరబడితే పడవా మిగలదు, తామూ మిగలరు.

నూకన్న తాడు లాగాడు. లంగరు కొక్కేనికి చిక్కుకుని ఒక పగడపు కొమ్మ పైకొచ్చింది. పొడవుగా, సన్నగా, జింక కొమ్ములా ఉంది.

"నీ సర్వే సదువు ఇప్పుడు పనికి రావాలి. ఇదెక్కడ పెరుగుద్దో సెప్పు, జల్దీ!"

ఇంత సన్నని కొమ్మలు అలల దెబ్బకు నిలవవు. నెమ్మదైన నీళ్లలోనే పెరుగుతాయి.

"లోపలే ఉన్నాం బాబాయ్! గాలితో పోనీ!"

నూకన్న చుక్కాని తిప్పబోయాడు.

"రుకో, ఆగు!"

కొమ్మ మీద ఆమె వేలు నున్నగా జారింది. పగడపు జీవులుండే, గరుకుగా తగలాల్సిన బుల్లి గిన్నెలన్నీ అరిగిపోయాయి. బతికున్న పగడానికుండే జిగురు లేదు, పాకుడు పట్టింది. ఎప్పుడో చచ్చి, అలలతో దొర్లుకుంటూ వచ్చిన కొమ్మ! దాన్ని నమ్మడానికి లేదు.

"బతికున్నది కావాలి. లంగరు మళ్లీ వెయ్."

"పగడాల మీద లంగరేస్తే జైలేనని ఊరంతా దండోరా ఏసింది నువ్వే గదేటి!"

"జైలుకి నేనెళ్తాలే, వెయ్ బాబాయ్!"

లంగరు మునిగింది. కింద ఏదో పటుక్కున విరిగిన అదురు తాడు వెంట ఆమె అరచేతికి తగిలింది. సుమ పళ్లు బిగించి తాడు పైకి లాగింది. ఈసారి వచ్చిన ముక్క పొట్టిగా, బొటనవేళ్లన్నీ ఒక్కచోట మొలిచినంత ఒత్తుగా ఉంది. ప్రతి కొనకూ ఊదారంగు గిన్నె. చెయ్యంతా జిగురే జిగురు. అలలు బాదే చోట పెరిగే జాతి!

"బయటున్నాం! గాలికి ఎదురు!"

"పక్కానా?"

"పక్కా!"

ఇంజను గట్టిగా మూలిగింది. పడవ ముక్కు నిటారుగా లేచి, దబ్బున పడి, మళ్లీ లేచింది. కాసేపటికి వాన పలచబడింది. నూకన్న వెనక్కి తిరిగి చూశాడు. గాలి వాటున తాము పోబోయిన దారిలో సముద్రం తెల్లగా పగులుతోంది. నురగ మధ్య నల్లగా దిబ్బ అంచు తేలి మునుగుతోంది.

"ఆ ముక్క ఇటివ్వు తల్లీ, దేవుడి దగ్గిర ఎట్టుకుంతాను."

సుమ దాన్ని ఉప్పునీళ్ల బకెట్లో ముంచి, బకెట్‌ను ఒళ్లోకి లాక్కుంది.

"ఇంకా బతికే ఉంది బాబాయ్. సముద్రం నెమ్మదించాక తీసుకెళ్లి దాని చోటనే కట్టి రావాలి."

"మళ్లీ ఆడికా?" నూకన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.