సమాధుల తోటలో నడిమి గోడ

ఎనభై దాటాక రత్నబాబుకు ఒకటే కోరిక పట్టుకుంది. తాను పోయాక సమాధుల తోటలో దొరల వైపు, చిన్నరసం మామిడి చెట్టు కింద తనను పెట్టాలి.

నూజివీడుకూ మైలవరానికీ మధ్య ఉన్న ఆ ఊళ్ళో, చర్చి వెనక సమాధుల తోటకు అడ్డంగా ఒక ఇటుక గోడ ఉంది. గోడకు తూర్పున తెల్ల దొరలూ వాళ్ళ భార్యాబిడ్డలూ, పడమట ఊరి క్రైస్తవులూ. దొరల కాలంలో గేట్లు కూడా వేరే. చర్చిలో వాళ్ళకు ముందు వరసలో కుర్చీలు, ఊరివాళ్ళకు వెనక చాపలు. దొరలు వెళ్ళిపోయాక చాపలు పోయి బెంచీలు వచ్చాయి గానీ, గోడ జోలికి ఎవరూ పోలేదు. పడమటి వైపు కిక్కిరిసిపోయినా తూర్పు వైపు ఎవరినీ పెట్టలేదు. ఎందుకని అడిగినవాళ్ళూ లేరు. అటు గేటుకు వేసిన తాళం తుప్పుపట్టిపోయింది.

"చిన్నప్పుడు ఆ చెట్టు కాయ ఒక్కటి ఏరుకున్నానని వాచ్‌మన్ వీపు చిట్లగొట్టాడు. కాయలన్నీ కిందపడి కుళ్ళిపోయేవి. దొరలు తినరు, మమ్మల్ని తిననివ్వరు. ఇప్పుడు దర్జాగా ఆ నీడనే పడుకుంటా," అనేవాడు రత్నబాబు.

"పడుకోండి, ఎవరొద్దన్నారు? నేను మాత్రం మా అమ్మ పక్కనే," అనేది భార్య అమృతమ్మ. "గోడకి అటు మీరు, ఇటు నేను. పునరుత్థానం రోజున గోడ మీంచి కేకెయ్యండి, కాఫీ అందిస్తాను."

"అప్పుడన్నా పంచదార సరిగ్గా వెయ్యి."

ఇద్దరూ టీచర్లుగా చేసి రిటైరైనవాళ్ళు. పొద్దున కాఫీ వేళకు ఈ తగువు పడకపోతే వాళ్ళకు తెల్లవారినట్టుండదు.

ఈ ఏడు మామిడి కోతల చివర్లో పెద్ద గాలివాన వచ్చింది. సమాధుల తోటలో గోడ నడిమి భాగం కూలిపోయింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కార్యదర్శి జయకర్ లేచి, గోడను మునుపు ఎలా ఉండేదో అలాగే కట్టిద్దామన్నాడు. చాలామంది తలలూపారు.

అమృతమ్మ లేచి నిలబడింది. "ఎందుకబ్బాయ్, ఆ గోడ?"

"పాతకాలం గుర్తు కదత్తా. మన చరిత్ర."

"ఆ చరిత్ర నేను చెప్తా, కూర్చుని విను."

అమృతమ్మ తల్లి కృపావతి దొరగారి బంగళాలో ఆయాగా ఉండేది. దొరసానికి పాలు పడలేదు. వాళ్ళ పాప ఎల్సీ కృపావతి పాలే తాగి పెరిగింది. అవే పాలు అమృతమ్మకూ. ఎల్సీకి మొదట వచ్చిన మాటలు తెలుగు మాటలే. కృపావతిని 'అమ్మా' అని పిలిచేది. దొరసాని చెవిన పడితే బాగుండదని, "ఆయా అనాలి ఎల్సమ్మా" అంటూ నేర్పేది కృపావతి. అంతలో ఆ పిల్లకు చలిజ్వరం పట్టుకుంది.

"మా అమ్మ ఒళ్ళోనే పోయిందట," అంది అమృతమ్మ. "స్నానం చేయించి, గౌను తొడిగి, జుట్టు దువ్విందీ మా అమ్మే. పెట్టె గేటు దాటాక మాత్రం వాచ్‌మన్ అడ్డం వచ్చాడు, నేటివులు లోపలికి రాకూడదని. దొర వెనక్కి తిరిగి చూశాడు గానీ ఏమీ అన్లేదు. మా అమ్మ చుట్టూ తిరిగి మన గేట్లోంచి వచ్చి, ఆ గోడకి చెంప ఆనించి నిలబడింది. అవతల మట్టి పోస్తున్న చప్పుడు వింది. తనకి దక్కింది అంతే. పోయేముందు మమ్మల్ని ఒకటే అడిగింది, ఆ గోడకి ఆనించి పెట్టమని. పెట్టాం. దేవుడే పడగొట్టినదాన్ని నువ్వు మళ్ళీ లేపుతావా, నాయనా?"

"ఇదంతా నాకు తెలీదత్తా," అన్నాడు జయకర్. "ఆ గోడ కట్టింది మా తాత. ఆయన చేతిపని ఊళ్ళో అదొక్కటే మిగిలింది. అందుకని..."

ఆ సంగతి అమృతమ్మ ఎరగదు. బెంచీల మధ్యగా మెల్లిగా నడిచి వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

"మీ తాత మంచి మేస్త్రీ. కట్టమన్నారు, కట్టాడు. ఆయనేం చేస్తాడు? ఇటుక ఒక్కటీ పారెయ్యొద్దురా. వాటితో ఆ మామిడి చెట్టు చుట్టూ అరుగు కట్టించు. మీ తాత పేరు చెప్పుకుని కూర్చుంటాం."

జయకర్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. పాస్టరుగారు అందరినీ అడిగారు. కాదన్నవాళ్ళు లేరు.

శనివారం పొద్దున్నే జనం గడ్డపారలు పట్టుకుని వచ్చారు. అమృతమ్మ భర్త చెయ్యి పట్టుకుని, కూలిన ఇటుకల మీదుగా తూర్పు వైపుకు అడుగుపెట్టింది. పిచ్చిమొక్కలు పీకుతుంటే ఒక చిన్న సమాధి బయటపడింది. రత్నబాబు నాచు గీకి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఎల్సీయే.

అడుగు వరస ఇటుకలు కూడా తీసేశాక చూస్తే, కృపావతి సమాధికీ దానికీ మధ్య చాప పరిచేంత చోటు కూడా లేదు. ఇంత దగ్గరని అమృతమ్మ అనుకోలేదు. ఆ రోజు మట్టి చప్పుడు విని, సరిగ్గా ఎక్కడో తల్లి గుర్తుపెట్టుకుంది. అమృతమ్మ కూలబడి, ఒక చెయ్యి దాని మీదా ఒక చెయ్యి దీని మీదా వేసి చాలాసేపు ఏడ్చింది. రత్నబాబు కష్టపడి మోకాళ్ళు వంచి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అమృతం, నాకు చెట్టు కింద వద్దులే. అరుగు మీద బతికుండగానే కూర్చుంటా. ఇక్కడ పెట్టించు," అంటూ అత్తగారి కాళ్ళ వైపు చోటు చూపించాడు.

"మా అమ్మ కాళ్ళ దగ్గరా? బతికుండగా ఆవిడకి ఒక్క దణ్ణమన్నా పెట్టారా?"

"అందుకే."

ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. భర్త భుజం ఊతగా లేచి, ఇటుకలు అందిస్తున్న వరసలో వెళ్ళి నిలబడింది.

"నడుం పట్టేస్తుంది, రా ఇటు," అని కేకేశాడు రత్నబాబు.

ఆమె రాలేదు. చేతిలో ఇటుకను జయకర్‌కు అందించి, ఇంకోదానికి చెయ్యి చాపింది.