నక్షలో లేని మెట్లు

మెదక్‌లో ఓడల మీద పరిశోధన చేస్తారట అంటే నవ్వనివాడు ఊళ్ళో ఒక్కడూ లేడు. అది 1967. మూతబడ్డ బియ్యం మిల్లు గోడకు ‘నౌకా రవాణా పరిశోధన కేంద్రం’ అని ఇంత పొడవు బోర్డు వేలాడదీశారు. విశాఖలో సరుకు ఓడలు నడిపే ఒక సేటు తన ట్రస్టు సొమ్ముతో పెట్టించాడు. మిల్లు ఆయన అత్తవారిది, కిరాయి లేదు. ఘనపురం కాలువ నీళ్ళు పక్కనే పారుతున్నాయి. అంతకు మించిన శాస్త్రీయ కారణం ఏదీ లేదని నా అనుమానం. అయితే డైరెక్టర్ జనార్దన్ మాత్రం, పడవ నమూనాను లాగి చూడటానికి సముద్రం అక్కరలేదనీ, కదలని నీళ్ళుంటే చాలనీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. ఆ మాట మాత్రం నిజమే.

జనార్దన్‌ది తూప్రాన్. విశాఖ ఓడరేవులో ఇంజనీరుగా చేసి వచ్చాడు. గోదావరి మీద తిరిగే సరుకు పడవల అడుగు భాగం కొద్దిగా మార్చి కడితే, అంతే బరువును ఇంకా సులువుగా లాగవచ్చని ఆయన నమ్మకం. అది తేల్చడానికి మనిషి నిలువు లోతున పొడవాటి తొట్టి ఒకటి కావాలి. తొట్టి చివర గిరక మీదుగా తాడు వేసి, తాడుకు బరువు కడతారు. బరువు కిందికి దిగుతుంటే ఇవతల ఉన్న కర్ర పడవ అవతలికి పోతుంది. ఎంతసేపట్లో పోయిందో చూసి లెక్క కట్టాలి. ఆ లెక్క కట్టే పని ఖమర్ జహాన్‌ది.

ఖమర్ జహాన్ హైదరాబాదులో లెక్కలు చదివి వచ్చిన పిల్ల. ఊళ్ళో ఆ చదువుకు తగిన ఉద్యోగం ఇదొక్కటే దొరికింది. చుట్టాలు ‘ఓడల పంతులమ్మ’ అని ఆటపట్టించినా ఆమెకు ఆ పనంటే ప్రాణం. కాలేజీలో బోర్డు మీద చూసిన లెక్క ఇక్కడ నీళ్ళ మీద కదులుతూ కనిపించేది. తొట్టి కట్టే పనిని తండ్రి ఖుద్దూస్‌కు ఇప్పించింది కూడా ఆమే. ఖుద్దూస్ పాత మేస్త్రీ. మసీదుల్లో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే నీటి హౌజులు ఆ చుట్టుపక్కల చాలావరకు ఆయన చేతి పనే.

తొట్టి లేస్తున్నప్పుడు జనార్దన్ విశాఖలో ఉన్నాడు. తిరిగొచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. పొడవు సరిగ్గా ఉంది, లోతు సరిగ్గా ఉంది, నునుపు అద్దంలా ఉంది. కానీ రెండు కొసలకూ పైనుంచి అడుగుదాకా చక్కటి రాతి మెట్లున్నాయి.

“గీ మెట్లేంది ఖుద్దూస్ భాయ్? ఓడలు తానం చేయనీకి దిగుతయా?”

“నక్ష గీసినాయన మెట్లు మర్శిపోయిండు సార్,” అన్నాడు ఖుద్దూస్ గొంతు తగ్గించి. “పెద్దోళ్ళ తప్పు నలుగుర్ల ఎందుకు బైట పెట్టాలె అని, నేనే సప్పుడు జెయ్యకుంట పెట్టేసిన.”

“నక్ష గీసింది నేనే!”

“అట్లనా. పని ఒత్తిడి సార్, మర్శిపోతరు.”

కూలివాళ్ళు అటు తిరిగి నవ్వుకున్నారు. జనార్దన్ ముఖం కందగడ్డ అయింది. మెట్లు పగలగొట్టి రెండు కొసలా నిటారు గోడ లేపమన్నాడు. ఖుద్దూస్ తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ కట్టుకున్నాడు.

“పడ్డ జీవి ఎక్కొచ్చే తొవ్వ లేకుంట నీళ్ళు కట్టొద్దని మా ఉస్తాద్ నా తోని ఒట్టేయించుకున్నడు. కోడిపిల్ల పడ్డా పైకి రావాలె. నేను పగలగొట్టను సార్. ఎవల తోని కొట్టిచ్చుకుంటరో కొట్టిచ్చుకోండ్రి.”

పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికే విశాఖ నుంచి కబురొచ్చి ఉంది. ట్రస్టు తరఫున ఆశీర్వాదం అనే రిటైరైన ఓడరేవు ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడు. పని సవ్యంగా జరుగుతున్నట్టు కనిపిస్తే కేంద్రం మెదక్‌లోనే ఉంటుంది, లేకపోతే విశాఖకు ఎత్తేస్తారు. ఎత్తేస్తే ఖమర్ జహాన్ వెంట పోలేదు. పెళ్ళికాని పిల్లను అంత దూరం ఒంటరిగా ఆ ఇంట్లో ఎవరు పంపుతారు? అందుకని తండ్రి కట్టిన మెట్లు పగలగొట్టడానికి కౌడిపల్లి నుంచి భూమయ్య మేస్త్రీని ఆమే పిలిపించింది. సుత్తి దెబ్బలు పడుతున్నంతసేపూ ఆమె అటువైపు రాలేదు. ఆ రోజు నుంచి ఖుద్దూస్ కూతురితో మాట మానేశాడు. తిట్టినా బాగుండేది. “ఆమెను అన్నానికి రమ్మను” అని పక్కనే ఉన్న కూతురి గురించి భార్య తాజ్ బీకి చెప్పేవాడు.

భూమయ్య ఒక కొసన మెట్లు తీసేసి నున్నటి గోడ కట్టాడు. రెండో కొస ముట్టుకునే లోపలే ఆశీర్వాదం వచ్చే రోజు దగ్గరపడింది. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉంచి నీళ్ళు నింపారు.

పరీక్షలు మొదలుపెట్టాక ఖమర్ జహాన్ ఒక వింత గమనించింది. పడవ ఒకసారి పోయాక నీళ్ళు నిలకడగా అయ్యేదాకా ఆగాలి, లేకపోతే రెండోసారి లెక్క తప్పుతుంది. నున్నటి గోడకు తగిలిన అల తిరిగి వచ్చేస్తోంది. మెట్ల వైపు పోయిన అల మాత్రం మెట్ల మీద చితికి అక్కడే మాయమవుతోంది. బకెట్టుతో నీళ్ళు గుమ్మరించి మళ్ళీ మళ్ళీ చూసింది. సంతోషం పట్టలేక జనార్దన్ దగ్గరికి ఉరికింది.

“సార్, ఆ దిక్కు మెట్లు తియ్యొద్దు. ఈ దిక్కు కూడ మల్ల కట్టియ్యుండ్రి. అలలు గాడ చచ్చిపోతున్నయి.”

“మీ నాయన కట్టిండని అంటున్నవా?”

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జనార్దన్ కూడా కాస్త తగ్గాడు, కానీ మాట మార్చుకోలేదు. “పరేషాన్ గాకు. విశాఖ నుంచి వచ్చేటాయన చూస్తే బాయిల మెట్లా అని నవ్వుతడు. టార్పాలిన్ కప్పుదం. నువ్వు ఆ సంగతే ఎత్తకు.”

ఆశీర్వాదం పొద్దున్నే దిగాడు. సన్నటి మనిషి, తెల్ల ప్యాంటు, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టుండే కళ్ళు. జనార్దన్ టై కట్టుకుని, నున్నటి గోడ దగ్గర నిలబడి ఉపన్యాసం అందుకున్నాడు. ఇవతల, టార్పాలిన్ కప్పిన మెట్ల కొసన ఖమర్ జహాన్ పడవ వదిలింది. పడవ బాగానే పోయింది. గోడకు కొట్టుకుని ముక్కు చెక్కుకుపోతుందేమోనని జనార్దన్ దాన్ని అందుకోవడానికి వంగాడు. బూటు జారింది. ఉపన్యాసంతో సహా నీళ్ళలో పడ్డాడు.

పదేళ్ళు ఓడరేవులో పనిచేసిన మనిషికి ఈత రాదన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసింది. గట్టు చేతికి అందదు, గోడ పట్టుకుందామంటే పట్టు లేదు. భూమయ్య అద్దంలా నునుపు చేశాడు. ఒకసారి మునిగి లేచాడు, ఇంకోసారి మునిగాడు. ఖమర్ జహాన్ ఉరికి వచ్చి, పడవ తాడు లాక్కుని ఆయన ముందుకు విసిరింది.

“సార్, తాడు పట్టుకోండ్రి! గట్టిగ పట్టుకోండ్రి!”

ఆమె గట్టు వెంబడి నడుస్తూ తాడు లాగుతుంటే ఆశీర్వాదం కూడా వచ్చి చెయ్యి వేశాడు. జనార్దన్ తొట్టి పొడవునా తేలుతూ ఇవతలి కొసకు చేరాడు. అక్కడ కాలికి మెట్టు తగిలింది. నాలుగు కాళ్ళ మీద పాకుతూ, నెత్తిన టార్పాలిన్‌తో పైకి ఎక్కివచ్చాడు.

“పడవలవాడికి ఈత రాకపోవడం ఏమిటండీ!” అని నవ్వబోయిన ఆశీర్వాదం ఆగిపోయాడు. తొట్టి వైపు చూస్తున్నాడు. అవతల గోడ దగ్గర నీళ్ళు ఇంకా దబదబ కొట్టుకుంటున్నాయి. ఇవతల మెట్ల మీద అల చప్పుడు లేకుండా పడుకుంటోంది.

ఎత్తవద్దన్న సంగతిని ఖమర్ జహాన్ ఎత్తింది. “మెట్ల మీద అల విరిగిపోతది సార్. గోడకు తాకింది వాపస్ వస్తది. రెండు దిక్కుల మెట్లుంటే నీళ్ళు జల్దీ నిలుస్తయి, పొద్దంత పరీక్షలు చేస్కోవచ్చు.”

“ఒడ్డున ఇసక మీదికి ఎక్కిన అల అక్కడే చస్తుంది. రేవు గోడకి తగిలిందా, తిరిగొచ్చి తంతుంది. ఇది రోజూ చూసినవాణ్ణేనమ్మా నేను,” అన్నాడు ఆశీర్వాదం. “ఇక్కడ మెట్లు పెట్టాలని ఎవరికి తట్టింది?”

ఖమర్ జహాన్ జనార్దన్ వంక చూసింది. నాకే అని ఆయన అంటే కాదనే ధైర్యం ఆమెకు ఉండేదో లేదో నేను చెప్పలేను. జనార్దన్ తడిసిన టై పిండుకున్నాడు.

“నా నక్షల లెవ్వు సార్. ఈమె నాయన పెట్టిండు. ఆ దిక్కువి నేనే పగలగొట్టిచ్చిన.”

“అయితే మళ్ళీ కట్టించండి. కేంద్రం ఇక్కడే ఉండాలని రాస్తాను. ఆ అమ్మాయి మాట మాత్రం కాస్త వినండి.”

మర్నాడు సాయంత్రం జనార్దన్ నక్ష చుట్టుకుని ఖుద్దూస్ ఇంటికి వెళ్ళాడు. వెనక ఖమర్ జహాన్ ఉంది. ఖుద్దూస్ లేచి మంచం వాల్చాడు, తాజ్ బీ చాయ్ తెచ్చింది. జనార్దన్ నక్ష పరిచి, పెన్సిలుతో రెండు కొసలా మెట్లు గీసి, అలల సంగతి మొదటి నుంచీ వివరించాడు. ఖుద్దూస్ మర్యాదగా తలూపుతూ విన్నాడు.

“అలల సంగతి నాకేం ఎరుక సార్,” అన్నాడు చివరికి. “మీరు నీళ్ళల్ల పడ్డరంట గదా. ఎక్కొచ్చిండ్రా లేదా?”

“ఎక్కొచ్చిన.”

“గందుకే కట్టిన.”

జనార్దన్ చాయ్ కప్పు కింద పెట్టాడు. తర్వాత లేచి, ఖుద్దూస్ చేతులు రెండూ పట్టుకున్నాడు. ఖుద్దూస్ ఇబ్బంది పడి చేతులు వదిలించుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. ఇన్నాళ్ళకు నేరుగా ఆమెతోనే మాట్లాడాడు.

“బేటీ, పొద్దుగాల పని ఉన్నది. నా తాపీ ఏడున్నదో చూడు జర.”

ఖమర్ జహాన్ లోపలికి ఉరికింది. దాన్ని వెతకాల్సిన పని లేదు. రోజూ తుప్పు పట్టకుండా తుడిచి పెడుతున్నది ఆమే.