పూయనక్కర్లేని రోజాలు

మేయరుకి పూలమీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో ఆమెకి అంతుపట్టలేదు. ఆఫీసు ఎదుట ఉన్నది బోసి మైదానం. పనిలోంచి తీసేసిన వీధులూడ్చే ఆడవాళ్ళు ప్రతి సోమవారం అక్కడే కూర్చుని, మా పని మాకిమ్మని అడుగుతున్నారు. వాళ్ళకి పెద్దదిక్కు ఆమే. మేయరు కిటికీ తెరిస్తే కనపడేది వీళ్ళే. ఇంకెక్కడ కూర్చున్నా వీళ్ళ గోడు వినే నాథుడు లేడు. సరిగ్గా అక్కడే తోట వేస్తున్నారట! తోటమాలి ఉద్యోగం ఏరికోరి ఆమె మొగుడికే ఇచ్చారు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనుషులు పిలిచి ఉద్యోగమిస్తే అనుమానం రాదూ?

మొగుడు మాత్రం గాల్లో తేలిపోతున్నాడు. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి చేతులు చాపాడు. ఆమె పిన్నీసుతో అతని వేళ్ళలో ముళ్ళు తీస్తూ కూర్చుంది.

“అన్నీ రోజాలేనా?”

“అన్నీ అవే. మైదానం నిండిపోయింది.”

“నడవడానికి దారి వదిలారా?”

“ఎక్కడే? జానెడుకో మొక్క. ఇంత ఒత్తుగా వేస్తే పూయవండీ అని సూపర్‌వైజరుకి చెప్పాను. పూయక్కర్లేదు, ముళ్ళుంటే చాలన్నాడు వెర్రిబాగులాడు,” అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఈయన తెలిసే చేశాడా? ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని అనుమానించాల్సి వచ్చినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

“రేపు సోమవారం. మేమెక్కడ కూర్చోవాలయ్యా?”

అతని నవ్వు ఆగిపోయింది.

“నాకు తట్టనేలేదే,” అన్నాడు.

“నిజంగానా?”

అతను అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున ఆమె లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని పరిగెత్తాడన్నమాట. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళేసరికి మైదానం నిండా ముళ్ళే. గేటు నుంచి మాత్రం సన్నటి బాట ఉంది. బాట పొడుగునా పీకేసిన మొక్కలు. బాట చివర, మేయరు కిటికీకి ఎదురుగా, ప్రతి సోమవారం ఆమె కూర్చునే చోట అతను కూర్చుని ఉన్నాడు. అరచేతుల నిండా నెత్తురు. అవతల సూపర్‌వైజరు ఫోన్లో ఎవరికో చెప్పుకుని లబోదిబోమంటున్నాడు.

ఆమె దగ్గరికెళ్ళి నిలబడింది.

“జరుగు,” అంది.

“జరిగితే ముళ్ళు గుచ్చుకుంటాయే.”

“పిన్నీసు ఉందిలే,” అని అతని పక్కనే చతికిలబడింది.