సేవ్ కాని పని

"సేవ్ అవ్వకపోతే ఏమైంది? వంట రోజూ చెయ్యట్లా? అదీ సేవ్ అవ్వదుగా" అన్నారు మా ఆయన, నేను బీన్స్ తుంచుతుంటే.

ఆయనది ముందుగదిలో పెట్టిన గేముల కంపెనీ. కంపెనీ అంటే ఆయన, ఆయన స్నేహితుడు, నడుం నొప్పి రాకుండా కొన్న తిరిగే కుర్చీ. బొమ్మలు గీసేది నేను. కంపెనీలో మాత్రం నేను లేను, వంటింట్లో ఉన్నాను.

గేములో ఒక యోధురాలు ఉంది. ఆవిడ ఒక్క అడుగు వెయ్యాలంటే ఒక్కో భంగిమా విడిగా గీసి గీసి నా మణికట్టు పడిపోయింది. బొమ్మని చెయ్యి, మోచెయ్యి, మోకాలు అని విడదీసి లోపల ఎముకలు అమరిస్తే చాలు, కదిలించిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని చెప్పాను. "చవకది చూడు" అన్నారు. చూశాను. ఒకదానికి నెలనెలా అద్దె. ఒకటి ఉచితమే గానీ, మా పాత కంప్యూటర్లో అది తెరుచుకునేలోపు అన్నం ఉడికిపోతుంది. ఇంకొకటి ఒక్కసారి కొంటే మనదే, ఆయన కుర్చీ చక్రాలంత ఖరీదు కూడా ఉండదు. ఆ మాటే అన్నాను.

"నా కుర్చీ మీద పడి ఏడుస్తావెందుకు? నేను కూర్చుని పనిచేసేవాణ్ణి."

అత్తయ్య టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే, "బొమ్మలాడించడానికి డబ్బులు కూడానా అమ్మాయ్" అన్నారు.

చివరికి ఆయన కనిపెట్టిన పొదుపు మార్గం, ఆ కొనాల్సినదాని ట్రయల్. అన్నీ చేయనిస్తుంది, సేవ్ మాత్రం చేయనివ్వదు. యోధురాలిని నడిపించి, దూకించి, తెర మీద కదులుతుండగానే వీడియో తీసి ఆయనకివ్వాలి. మూసేస్తే అంతా నీటి మీద రాతే.

కోపమొస్తే నేను గిన్నెలు ఎత్తి పడెయ్యను, మరింత నెమ్మదిగా తోముతాను. పక్కింటావిడ బట్టల కొట్టుకి బోర్డు గీసిపెడితే వచ్చిన డబ్బుతో ఆ సాఫ్ట్‌వేర్ కొన్నాను. ఎవరి పేరు మీద అని అడిగితే నా పేరు కొట్టాను. మధ్యాహ్నాలు అత్తయ్య కునుకు తీసే వేళ, యోధురాలిని మొదటినుంచీ మళ్ళీ కట్టి, ఈసారి సేవ్ చేసుకున్నాను. ఆయన గమనించలేదు. ఆయనకి కావలసింది వీడియోనే కదా.

నిన్న గేము కొనేవాళ్ళ ఫోన్. స్పీకర్లో పెట్టారు.

"అంతా బాగుందండీ. కత్తి బదులు గొడ్డలి కావాలి. వీడియోలో మార్చలేం కదా, అసలు ఫైల్ ఉందిగా? అది లేకపోతే మేం తీసుకోలేం."

మా ఆయన కుర్చీలోంచి దిగ్గున లేచారు. "అది... మా టీమ్‌ని అడగాలి."

"టీమ్‌కి ఒకసారి ఇవ్వండి ఫోను."

టీమ్ అప్పుడు కూర కలుపుతోంది. చెయ్యి కడుక్కుని వచ్చి, కంగారులో ఆయన వదిలేసిన కుర్చీలో కూర్చున్నాను. నిజమే, నడుముకి హాయిగానే ఉంది.

"నమస్కారమండీ, టీమ్‌ని మాట్లాడుతున్నాను. ఫైల్ నా దగ్గరుంది. సాఫ్ట్‌వేరూ నా పేరు మీదే ఉంది. ఒప్పందంలో నా పేరు కూడా చేర్చి పంపండి, గొడ్డలి నేను పట్టిస్తాను."

"ఏం చేస్తున్నావ్ నువ్వు" అన్నారు ఆయన, గొంతు బయటికి రాకుండా.

వంటింట్లోంచి అత్తయ్య కేక. "అమ్మాయ్, కూర మాడిపోతోంది."

"పర్లేదు అత్తయ్యా" అన్నాను, కుర్చీని ఆయన వైపు తిప్పి. "మీ అబ్బాయి మళ్ళీ చేస్తారు. అదెలాగూ సేవ్ అవ్వదుగా."