చుట్ట వాసన

పాండురంగం వీధి గది గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు. అది తప్పు పట్టడానికి పీల్చడమని హైమవతికి తెలుసు.

"ఇంకా పోలేదు. అసలేం కడుగుతున్నావు నువ్వు?" అని కొట్టుకు వెళ్ళిపోయాడు.

మామగారు పోయి ఏడాది దాటింది. బతికినన్నాళ్ళూ ఆ గదిలో పడక్కుర్చీలో వాలి చుట్టలు కాల్చిన మనిషి. ఆయన పోయాక అత్తగారు బసవమ్మను అదే గదిలో మూల కూర్చోబెట్టారు. సంవత్సరీకాలు అయ్యాక ఆవిణ్ణి వెనక వసారాలోకి మార్చి గది ఖాళీ చేశారు. స్వరాజ్యం వచ్చాక ఇదే మొదటి మామిడి కాపు. తోటల బేరానికి మద్రాసు షావుకార్లు వస్తారు. వాళ్ళను చుట్ట కంపులో కూర్చోబెడితే నూజివీడు బజారంతా నవ్వుతుందని పాండురంగం దిగులు.

హైమవతి దిగులు వేరు. ముసునూరులో చెల్లెలు శారదకు తొలి కాన్పు. తల్లి లేని పిల్ల. పురిటికి అక్క దగ్గర ఉండాలి. వెళతానంటే, "గది బాగుచేసి వెళ్ళు, ఎవరొద్దన్నారు?" అన్నాడు మొగుడు. వద్దనలేదు, నిజమే. అందుకే ఆమె నిచ్చెన వేసుకుని దూలాలు కుంకుడు రసంతో తుడిచింది. గోడలకు సున్నం కొట్టింది, ఆరాక మళ్ళీ కొట్టింది. అరచేతులు పొక్కి, అన్నం కలుపుకుంటే పులుసు మండి కళ్ళనీళ్ళు తిరిగేవి. పరుపు విప్పి దూది ఎండబెట్టింది. రోజూ భోజనాలయ్యాక మూకుట్లో నిప్పులు పోసి సాంబ్రాణి చల్లి, గదిలో పెట్టి తలుపులు దగ్గరకు వేసేది. ఆ కాసేపూ అత్తగారు ఆ గదిలోనే మామగారి పటం ముందు కూర్చుని జపం చేసుకునేది. పొద్దు వాలేసరికి సాంబ్రాణి వాసన పోయి చుట్ట వాసనే మిగిలేది. గోడ పీల్చుకుందా, తన చేతిలోనే లోపముందా అని హైమవతికి తన మీద తనకే అనుమానం వచ్చింది. "ఈ కాలం పిల్లల చేతుల్లో బలమేదీ," అని అత్తగారు కొడుకు వినేటట్టు అన్నప్పుడు నిజమే కాబోలు అనుకుంది కూడా.

ఆ మధ్యాహ్నం ముసునూరు నుంచి బండి వచ్చింది. శారదకు నొప్పులు మొదలయ్యాయట. బండివాణ్ణి కొట్టుకు పంపి మొగుడికి కబురు చెప్పించి, ఇవాళైనా వాసన తగ్గిందేమో చూద్దామని హైమవతి గది తలుపు తోసింది.

బసవమ్మ కిటికీ కింద నేలమీద కూర్చుని ఉంది. తలమీద ముసుగు జారింది. కళ్ళు మూసుకుంది. వేళ్ళ మధ్య చుట్ట ఎర్రగా కాలుతోంది. పక్కనే హైమవతి పెట్టిన సాంబ్రాణి మూకుడు.

గోడ చీల్చుకుని మామగారు బయటికి వచ్చినా హైమవతి అంత అదిరిపడేది కాదు.

ముసలావిడ దాచలేదు. "తలుపెయ్యి," అంది.

తలుపు వేసి దానికే ఆనుకుని నిలబడింది హైమవతి.

"కాపరానికొచ్చిన కొత్తల్లోనే నేర్పారే అమ్మాయ్. ఆయన చుట్ట నేనే పొయ్యిలో ముట్టించాలి. ఆరిపోకుండా రెండు దమ్ములు లాగి తెచ్చివ్వాలి. మొదట్లో వాంతులయ్యేవి. నోరు కడుక్కుని మళ్ళీ ముట్టించమనేది మా అత్త. జన్మంతా అదే పని." ఆవిడ బూడిద మూకుట్లో దులిపింది. "ఆయన పోతే బొట్టు తీశారు, గాజులు తీశారు. ఇది తియ్యడం ఎవరికీ గుర్తు రాలేదు."

"మరి నన్నెందుకన్నారండీ, చేతుల్లో బలం లేదని?"

"వాడు వాసన పట్టాడుగా. నిన్ననకపోతే నన్నడుగుతాడు."

ఎంత మామూలుగా అందో. కూరలో ఉప్పు చాల్లేదన్నట్టుగా. హైమవతి తన అరచేతుల వంక చూసుకుంది. ఒక్క మాట చెబితే చాలు, నింద పోతుంది, దర్జాగా బండెక్కవచ్చు. ఆ తర్వాత ఈ ముసలిదాన్ని కొడుకు ఏం చేస్తాడో, బజారు ఏమంటుందో ఆమెకు తెలుసు. ఆవిడ మీద జాలి కాదు. కోపం కొండంత ఉంది. కానీ ఆ కోపాన్ని తీసుకెళ్ళి పాండురంగం చేతికివ్వడానికి మనసొప్పలేదు.

వసారాలోకి వెళ్ళి అత్తగారి పరుపుచుట్టా, మరచెంబూ తెచ్చి వీధి గదిలో పెట్టింది. తన గుడ్డలు మూట కట్టుకుంది.

అంతలో పాండురంగం వచ్చాడు. బసవమ్మ చుట్ట అప్పటికే మూకుట్లో బూడిద కిందికి పోయింది. గుమ్మంలోనే ఆగి ముక్కు చిట్లించాడు.

"పోలేదండీ," అంది హైమవతి, అతను అడగకముందే. "పోదు కూడా. నేనిక కడగను. ఈ గది అత్తయ్యగారికి వదిలెయ్యండి. షావుకార్లకు అరుగుమీద చాపలు వేయిద్దురుగాని, గాలి కూడా వస్తుంది."

పాండురంగం తల్లి వైపు చూశాడు. బసవమ్మ ముసుగు సర్దుకుని పటం వంక చూస్తూ కూర్చుంది. ఆవిడ సాయం వస్తుందని హైమవతి కూడా అనుకోలేదు.

"గది బాగుచెయ్యకుండా వెళ్ళొద్దని చెప్పానా లేదా?" అన్నాడతను.

"చెప్పారండీ," అంది ఆమె. మూట చంకన పెట్టుకుని వీధిలోకి నడిచి, బండెక్కి కూర్చుని, "పోనీ," అంది బండివాడితో.