రవళి పెట్టిన చెవుల పరీక్ష

ఆ ఆదివారం మధ్యాహ్నం రవళి తన కొత్త బీటును మొదటిసారి స్పీకరులో పెట్టి ఇంట్లోవాళ్ళకు వినిపించింది. పటాన్‌చెరు దగ్గర లక్డారంలో రెండు గదుల ఇల్లు వాళ్ళది. ముందు గదిలో బల్ల మీద ఒక పాత ల్యాప్‌టాప్, దాని పక్కన చిన్న కీబోర్డు, ఒక జత హెడ్‌ఫోన్లు. ఆమె స్టూడియో అంతే. బీరంగూడలో ఆన్‌లైన్ సెంటరులో మధ్యాహ్నం దాకా జిరాక్సులు తీసి, దరఖాస్తులు నింపి ఇంటికి వచ్చాక ఆ బల్ల ముందు కూర్చునేది. మొదటి సంవత్సరమంతా ఉచితంగా దొరికే, సంగీతం కట్టే ట్రయల్ సాఫ్ట్‌వేర్‌తోనే నెట్టుకొచ్చింది. అందులో చేసిన పనిని దాచుకోవచ్చు గాని మళ్ళీ తెరవడానికి వీల్లేదు. అందుకని మొదలుపెట్టిన బీటును కుర్చీలోంచి లేవకుండా ముగించాల్సిందే. తరువాత అందులోనే అన్నిటికన్నా చవక రకం కొనుక్కుంది. అప్పటి నుంచి తీరిగ్గా చేయడం అలవాటైంది.

ఇప్పుడు వినిపిస్తున్నది ట్రాప్ బీటు, ర్యాప్ పాటకు వెనక మోగే రకం. అడుగున కడుపులో తగిలే బేస్, మూడో దెబ్బకు టప్పుమనే స్నేర్ డ్రమ్ము, వాటి మీద చిటపటలాడే హై హ్యాట్లు. సన్నని తాళాల చప్పుడు లాంటి ఆ హై హ్యాట్ల కోసమే ఆమె పది రోజులు కష్టపడింది. ఒకచోట రెట్టింపు వేగం, ఒకచోట మూడింతలు, ఇంకోచోట రేకుల మీద వడగళ్ళు రాలినట్టు. కాజీపల్లిలో ఉండే ఇద్దరు ర్యాపర్లు ఈ బీటు కోసం ఎదురుచూస్తున్నారు.

తండ్రి ఓదెలు మంచం మీద కూర్చుని విన్నాడు. ఆయన పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ ప్రెస్ షాపులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాడు. ఇనుప రేకులను ఒక్క దెబ్బకు వంచి బండ్ల భాగాలు తీసే ప్రెస్సులు అవి.

"ఎట్లున్నది నాయినా?" అంది రవళి.

"దుమ్ము దుమ్మంటున్నది. ఇంకేమన్న వస్తదా, గంతేనా?"

రవళికి చురుక్కుమంది. "గంతేనా అంటవేంది? పైన హై హ్యాట్లు ఎట్లురుకుతున్నయో ఇంటలేవా? పది రోజులు పట్టింది నాకు."

"ఏం హ్యాట్లో ఏమో. అండ్ల ఏం లేవు బిడ్డా."

ఎగతాళి చేస్తున్నాడనుకుంది. కోపంగా మౌసు అందుకుని బేస్ ఆపేసింది. స్నేర్ కూడా ఆపేసింది. హై హ్యాట్లు మాత్రమే ఉంచి శబ్దం పెంచింది. గది నిండా చిటచిటమని మోత మొదలైంది.

ఓదెలు కూతురి మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, "పెట్టు మరి. సూస్తవేంది?" అన్నాడు.

వంటింటి గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతున్న తల్లి ఆగమ్మ చేట ఆపింది. "గంత గట్టిగ మోగుతుంటే పెట్టమంటవేందయ్యా? నాకే చెవులు గింగురుమంటున్నయి."

స్పీకరు మోగుతూనే ఉంది. ఓదెలు భార్య వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, చివరికి స్పీకరు వైపు చూశాడు. "నీ డబ్బా ఖరాబైంది," అని చెప్పి, కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆగమ్మ వెళ్ళి బట్టల పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి కూతురి ముందు పెట్టింది. "ఏటేటా ఫ్యాక్టరీల చెవుల పరీక్ష జేస్తరు గదనే. అన్నీ మంచిగనే ఉన్నయని కాయితం గుడ ఇస్తరు. సూడు."

ఆరేళ్ళ కాగితాలు ఉన్నాయి. కుడి చెవి, ఎడమ చెవి, ఏ శబ్దం ఎంత మెల్లగా వినపడిందో అంకెలు, కింద 'వినికిడి సాధారణం' అని ముద్ర. రోజుకు వంద కాగితాలు జిరాక్సు తీసే కళ్ళు రవళివి. ఆరింటినీ నేల మీద వరసగా పరిచింది. ఆరేళ్ళలోనూ అవే అంకెలు. ఒక్క అంకె కూడా మారలేదు. తేదీ మార్చి మళ్ళీ మళ్ళీ అచ్చు తీశారంతే.

కాగితాలు పట్టుకుని నాలుగిళ్ళ అవతల ఉన్న కిష్టప్ప ఇంటికి నడిచింది. ఆయన ఓదెలు పక్క ప్రెస్సు మీదే పనిచేస్తాడు. ఆయన కాగితం తీసి చూస్తే అందులోనూ అవే అంకెలు.

"పెదనాయినా, పరీక్ష ఎట్ల జేస్తరు మీకు?" అని అరిచినట్టే అడిగింది.

"పరీక్షేంది బిడ్డా? ఒక వ్యాను వస్తది. లైన్ల నిలవెడ్తరు. పేరడిగి సంతకం తీస్కుంటరు. చాయ్ దాగి మళ్ళ మిషిన్ కాడికి పోతం."

"చెవులకు ఏం పెట్టరా?"

"ఏం పెట్టరు."

ఆ వారమంతా రవళి బీట్లు చేయలేదు. హై హ్యాట్ శబ్దం తీసినప్పుడల్లా, ఏమీ వినపడక తన మొహంలోకి చూస్తూ కూర్చున్న తండ్రి గుర్తొచ్చి ఒళ్ళు మండేది. ఎన్నేళ్ళుగా వినపడటం లేదో ఆయనకు! తను చిన్నమాట మాట్లాడితే పట్టించుకోడని, పిలిస్తే పలకడని, ఎన్నిసార్లు విసుక్కుంది! ఆ కోపం తన మీద కొంత, ఆ కాగితాలు అచ్చు తీసినవాళ్ళ మీద కొండంత.

బుధవారం నాడు సాఫ్ట్‌వేర్ తెరిచి, డ్రమ్ములన్నీ తీసేసి, ఏ వాద్యమూ కాని ఒట్టి కూత లాంటి స్వరాన్ని పెట్టుకుంది. కింది స్థాయి నుంచి పైకి ఆరు స్వరాలు. ఒక్కోదాన్ని మొదట వినీ వినపడనంత మెల్లగా, తరువాత మెట్టు మెట్టుగా గట్టిగా వచ్చేట్టు అమర్చింది. ముందు తాను విన్నది. తల్లికి వినిపించింది. ప్రెస్ షాపు మొహం చూడని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురికి వినిపించింది. వాళ్ళందరూ ఇంచుమించు రెండో మెట్టుకో మూడో మెట్టుకో వినపడి వేలు ఎత్తారు.

తరువాతి ఆదివారం కిష్టప్ప పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఫ్యాను ఆపి, కిటికీకి బొంత కట్టి, ఒక్కొక్కరినే లోపల కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టింది. కింది స్వరాలు అందరికీ వినపడ్డాయి. పైకి పోతున్న కొద్దీ వేళ్ళు లేవడం ఆగిపోయింది. కిష్టప్పకు అయిదో స్వరం ఏడో మెట్టు దాటినా చెయ్యి ఒళ్ళోనే ఉంది.

చివరగా శ్రావణ్‌కుమార్ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళవాడు, ప్రెస్ షాపులో చేరి మూడేళ్ళే అయింది. "నాకేం గాలేదు చెల్లె, ఊకె వచ్చిన," అని నవ్వుతూ కూర్చున్నాడు. నాలుగు స్వరాలకు టక్కున వేలెత్తాడు. అయిదోది మొదలైంది. మూడో మెట్టు, నాలుగో మెట్టు, అయిదో మెట్టు. రవళి తెర మీద గీత కదలడం చూస్తోంది. ఆరో మెట్టుకు వేలు లేచింది.

"ఎప్పటి సంది మోగుతున్నది అది?" అన్నాడు, ఆమె మొహం చూసి.

చెప్పింది. శ్రావణ్‌కుమార్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "మా పొలం అమ్ముకోని పర్మనెంటు నౌకరని చేరిన. మూడేండ్లల్ల నా చెవులు తిన్నరా వీళ్ళు?" అని గోడ మీద అరచేత్తో కొట్టాడు.

ఓదెలు మాత్రం లోపలికి రాలేదు. అందరూ వెళ్ళాక కూతురి మీద విరుచుకుపడ్డాడు. "ఎవరు జెయ్యమన్నరు నిన్ను గీ పంచాయితీ? ఓదెలు చెవిటోడని ఊరంత చాటింపేస్తవా? రేపు గేటు లోపటికి రానిస్తరా నన్ను?"

"రానియ్యకపోతే పాయె! నీ చెవులు పోగొట్టి, మంచిగున్నయని ఆరేండ్లు దొంగ కాయితాలిచ్చిండ్రు నాయినా. నీకు కోపం వస్తలేదా?"

"నాకు వినవడుతది! అన్నీ వినవడుతయి!" అని ఆయన అరిచాడు. ఆ అరుపుకు ఆగమ్మ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు రవళి సెంటరుకు సెలవు పెట్టింది. తండ్రివి, ఆ పదకొండుమందివి పాత కాగితాలు, తను రాసిన ఫలితాలు ఫైలులో పెట్టుకుని, కిష్టప్ప, శ్రావణ్‌కుమార్‌లతో ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్ళింది. సంగతి తెలిసి ఓదెలు మిషను దగ్గరి నుంచి గ్రీజు చేతులతోనే పరుగున వచ్చాడు. కూతుర్ని ఇంటికి పంపించేయాలని.

హెచ్ఆర్ మేనేజరు వెంకటేశ్వరరావు కాగితాలు తిరగేశాడు. "ఈ పరీక్ష ఎవరు చేశారు?"

"నేనే సార్."

"నువ్వు డాక్టరువా?"

"కాదు. మ్యూజిక్ చేస్త."

ఆయన నవ్వాడు. "పాటలు చేసుకునే సాఫ్ట్‌వేర్‌తో చెవుల పరీక్షా? చూడమ్మా, ఇట్లాంటివి చెల్లవు. మా దగ్గర ప్రతి ఏడాదీ నిపుణులు చేసిన రిపోర్టులున్నాయి."

రవళి లేచి నిలబడి ఆ రిపోర్టులను బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచింది. "నాది చెల్లకపోతే చెల్లకపాయె. ఇవి చెల్లుతయా? ఇది మా నాయినది, ఇది పెదనాయినది, ఇది మొన్న మొన్న చేరిన శ్రావణన్నది. ముగ్గురి చెవులు ఒక్క తీరుగనే ఎట్లుంటయి సార్? ఆరేండ్ల కింద ఎట్లున్నయో ఇప్పుడు గూడ గట్లనే ఎట్లుంటయి? మీ నిపుణులు ఎన్నడన్న ఒక్కని చెవికి ఏమన్న పెట్టి సూసిండ్రా?"

వెంకటేశ్వరరావు కుర్చీ పక్కకు తిప్పి, గోడవారగా నిలబడ్డ గుమాస్తాతో గొంతు బాగా తగ్గించి ఏదో అన్నాడు. రవళికి ఒక్క ముక్క కూడా వినపడలేదు.

కాని ఓదెలు ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రెస్ షాపులో మనిషి గొంతు మనిషికి అందదు. అక్కడ ఇరవై రెండేళ్ళుగా ఆయన మాటలను ఎదుటివాడి పెదవుల మీదే చదువుతున్నాడు.

"ఏమన్నవు సార్?" అన్నాడు. "'ఈ చెవిటోళ్ళ పేర్లన్నీ రాసుకో, నెలాఖరు లోపల ఒక్కొక్కణ్ణి బయటికి పంపిద్దాం' అన్నవు. అన్నవా, లేదా?"

గుమాస్తా తల దించుకున్నాడు. మేనేజరు చప్పున కుర్చీ ఇటు తిప్పాడు. "నేనట్లా..."

"అన్నవు! నాకు చెవులు వినవడవు సార్. నా బిడ్డ జెప్పినా ఒప్పుకోలే, ఇయ్యాల ఒప్పుకుంటున్న. చెవులు పాయె గని కండ్లున్నయి. చెవిటోళ్ళమంటివి. ఎవడు జేసిండు మమ్ముల చెవిటోళ్ళను? మీ మిషిన్లు గాదా?"

ఆయన గొంతు బయట వరండా దాకా వెళ్ళింది. అటుగా పోతున్నవాళ్ళు ఆగారు. ఓదెలు కూతురు పరిచిన కాగితాలను జాగ్రత్తగా పోగుచేసి, ఆమె చేతికిచ్చి, నేరుగా ప్రెస్ షాపుకు నడిచి తన మిషను ఆపేశాడు. కిష్టప్ప తనది ఆపాడు. పావుగంటలో ప్రెస్ షాపులోని ముప్ఫై నాలుగుమందీ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

రెండు రోజులు ప్రెస్సులు ఆడలేదు. మూడో రోజున యాజమాన్యం దిగివచ్చి, బయటి ఆసుపత్రిలో అందరికీ సరైన పరీక్ష చేయించడానికి ఒప్పుకుంది. ముప్ఫై నాలుగుమందిలో పంతొమ్మిదిమందికి వినికిడి పోయిందని తేలింది. రవళి ఇంట్లో పరీక్షకు కూర్చున్న పదకొండుమందీ అందులో ఉన్నారు. పరీక్ష చేసిన డాక్టరమ్మ ఓదెలుకు ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా పెదవులు కదిలిస్తూ, "పోయింది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి," అని చెప్పింది.

అందరికీ చెవులకు రక్షణ కప్పులు వచ్చాయి. ఓదెలును, కిష్టప్పను స్టోరుకు మార్చారు. మేనేజరును ఇంకో యూనిటుకు పంపారు. దొంగ కాగితాలు అచ్చు వేసినవాళ్ళకు ఏమీ కాలేదు. రవళి ఎన్ని ఫిర్యాదులు టైపు చేసి పంపినా 'పరిశీలనలో ఉంది' అన్న జవాబే వచ్చింది. ఆగిపోయిన ఆ బీటును ఒక మధ్యాహ్నం కూర్చుని ముగించి కాజీపల్లి ర్యాపర్లకు పంపింది. మస్తుగున్నదని వాళ్ళు మెచ్చుకున్నారు. ఆమెకు సంతోషం కలగలేదు.

నాలుగు నెలల తరువాత, ఎవరికెంత వైకల్యమో తేల్చే డాక్టర్ల బోర్డు ముందుకు పంతొమ్మిదిమందినీ పిలిచారు. హాలు బయట బెంచీల మీద వరసగా కూర్చున్నారు. లోపల బల్ల దగ్గర కూర్చున్న బోర్డు గుమాస్తా జాబితా చూసి పిలిచాడు. "ఓదెలు!" ఎవరూ లేవలేదు. "ఓదెలు ఎవరయ్యా? రాకపోతే ఆబ్సెంట్ వేస్తా!"

ఓదెలు ఎదురుగోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. తండ్రి భుజం తట్టబోయిన రవళి చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచి తలుపు రెక్క పూర్తిగా తెరిచి గుమ్మంలో నిలబడింది.

"ఏం రాసున్నదన్నా ఆ జాబితా మీద? ఒకసారి సదువు."

"వినికిడి లోపం కేసులు. అయితే?"

"అండ్లనే ఉన్నది గద? వినవడనోళ్ళను పిలిచి, లోపట కూసోని కేకేసి, రాలేదని ఆబ్సెంట్ ఏస్తవా? లేచి బయటికి రా. ఒక్కొక్కని ముంగట నిలవడి పిలువు."

గుమాస్తా గొణుక్కుంటూ లేచాడు. బయటికి వచ్చి, జాబితా పట్టుకుని, మొదటి బెంచీ ముందు నిలబడ్డాడు. ఓదెలు అతని పెదవుల వైపు చూశాడు.

"ఓదెలు," అన్నాడు గుమాస్తా.

"నేనే," అని ఓదెలు లేచాడు.